ఫోన్లు పోయిన రాత్రి తిరుపతి నుంచి మాట ఎట్లా పోతుంది? దూరం రేడియో గురించి అడుగుతున్నా

కొండకింద_కుర్రోడు (చంద్రగిరి), రాత్రి 9:10

అందరికీ నమస్కారం. 2021 నవంబరు వానల తర్వాత మా వీధి పిల్లలం ఇరవై మందిమి ఒక జట్టుగా ఏర్పడ్డాం. తాళ్లు, ఆరు లైఫ్ జాకెట్లు, రెండు పెద్ద టార్చిలైట్లు, మా చిన్నాన్న పాత జీపు. ఇంతే మా ఆస్తి. ఆ 18, 19 తేదీల్లో ఏం జరిగిందో తిరుపతి వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఘాట్ రోడ్లు మూసేశారు, శ్రీవారి మెట్టు దారి దెబ్బతినింది, స్వర్ణముఖి ఒడ్డు దాటి ఇళ్లలోకి వచ్చింది. మా దగ్గర ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనపడేవి, కాల్ మాత్రం ఒక్కటీ కలవలేదు.

2025 మే 7న దేశమంతా సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ జరిగింది కదా, అప్పటినుంచి మా వాళ్లకు మళ్లీ ఊపొచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన ఆరు వాకీటాకీలు ఇస్తానంటున్నాడు. ఎన్‌క్రిప్షన్ (మాటకు తాళం వేయడం) ఉందట, ముప్పై కిలోమీటర్లు పోతుందట, ఎవరూ వినలేరట. మాకు కావాల్సింది చిత్తూరు దాకా, వీలైతే తాడేపల్లిలో విపత్తు నిర్వహణ సంస్థ దాకా మాట పోవడం. మధ్యలో ఇంకెవరూ వినకూడదు. ఈ సెట్లతో అవుతుందా? డబ్బులు పోగేసేది అరటిపండ్లు అమ్ముకునే వాళ్ల దగ్గర కాబట్టి జాగ్రత్తగా అడుగుతున్నా.

---

పాత_సెట్ (తిరుపతి, రిటైర్డ్), రాత్రి 9:41

తమ్ముడూ, ముందు ఆ ఆరు సెట్లు కొనొద్దు. మిగతాది రేపు తీరిగ్గా రాస్తా, ఇంట్లో టీవీ గోల.

---

చిత్తూరు_హామ్, రాత్రి 10:05

పెద్దాయన మాటకు నేనూ ఓటు వేస్తున్నా. ముప్పై కిలోమీటర్లు అనేది ఒక కొండ మీద ఒకడు, ఇంకో కొండ మీద ఇంకొకడు నిలబడితే వచ్చే లెక్క. చేతిలో పట్టుకునే సెట్ల తరంగాలు దాదాపు కంటిచూపులాగే పోతాయి. ఇద్దరు మనుషులు చదును నేల మీద సెట్లు ఛాతీ ఎత్తులో పట్టుకుంటే పది కిలోమీటర్ల దగ్గర భూమి వంపే అడ్డొస్తుంది. అది కాగితం మీద లెక్క. ఊళ్లో ఇళ్లు, చెట్లు కలిపితే రెండు మూడు కిలోమీటర్లు దక్కితే గొప్ప. నువ్వుండేది చంద్రగిరి, ఒక పక్క శేషాచలం, ఇంకో పక్క కోట గుట్ట. చిత్తూరు రోడ్డు మీద యాభై కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఎన్ని గుట్టలో నీకే తెలుసు.

రెండోది చట్టం. లైసెన్స్ లేకుండా మామూలు వాళ్లు వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు చిన్న ముక్క వదిలారు. అదీ తక్కువ పవర్‌తో, ఆమోదం పొందిన సెట్లతో. అది కాకుండా ఏ ఫ్రీక్వెన్సీకైనా తిప్పుకునే చౌక సెట్లు కొని మాట్లాడితే నేరం. ఒక్కోసారి నువ్వు తిప్పిన చోటే పోలీసులదో ఫైర్ వాళ్లదో ఛానెల్ ఉంటుంది. వరద రాత్రి వాళ్ల మాటకు అడ్డం పడ్డావంటే సాయం చేయబోయి చేటు చేసినట్టే. ఇట్లాంటి సెట్లు అడ్డదిడ్డంగా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాలకు నోటీసులు కూడా ఇచ్చింది.

---

చిల్లర_ప్రశ్న, రాత్రి 10:20

ఇంత గొడవ ఎందుకప్పా, ఆ సెట్లకు పెట్టే చోట ఇంకొంచెం పెట్టి శాటిలైట్ ఫోన్ కొంటే పోలా?

---

చిత్తూరు_హామ్, రాత్రి 10:28

పోదు. మన దేశంలో తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటేనే పట్టుకుంటారు. తెలియక తెచ్చుకున్న విదేశీయులు విమానాశ్రయాల్లో అరెస్టయిన సందర్భాలు ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చే ఇన్మార్‌శాట్ ఫోన్లు ఉన్నాయి, అవి కూడా అనుమతితోనే. కలెక్టరేట్లలో, ఎన్డీఆర్ఎఫ్ దగ్గర ఉంటాయి. వీధి జట్టుకు కుదిరే పని కాదు.

దూరం పోవాలంటే హెచ్ఎఫ్, అంటే హై ఫ్రీక్వెన్సీ రేడియో. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్. టవర్ అక్కర్లేదు, శాటిలైట్ అక్కర్లేదు. పైనున్న ఆకాశమే అద్దం.

---

గాదంకి_గాలి, రాత్రి 11:02

ఆ అద్దం గురించి నేను కొంచెం చెప్పొచ్చా? నేను ఆ వైపు చదువుకున్నదాన్ని. మన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది కదా, పాకాల పోయే దారిలో. అక్కడ పైగాలిని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాంటెనాలు, చెరకు తోటలాగా. 53 మెగాహెర్ట్జ్‌లో పని చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఇవన్నీ టీవీ యాంటెనాలా అని అడిగి నవ్వులపాలయ్యా.

సంగతేమిటంటే, నేల నుంచి 250, 300 కిలోమీటర్ల ఎత్తులో ఎండ తగిలి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పొర ఉంటుంది. ఎఫ్ పొర అంటారు. సరైన ఫ్రీక్వెన్సీలో పంపిన తరంగం దానికి తగిలి వంగి కిందికి వస్తుంది. ఫ్రీక్వెన్సీ మరీ ఎక్కువైతే పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతుంది. మరీ తక్కువైతే పగటిపూట ఇంకా కిందున్న డి పొర మింగేస్తుంది. పొద్దుగూకాక డి పొర మాయమవుతుంది, ఎఫ్ పొర కూడా తెల్లవారుజాముకు బాగా పలచబడుతుంది. అందుకే పగటికి ఒక ఫ్రీక్వెన్సీ, రాత్రికి ఒకటి. మన పక్క సుమారుగా పగలు 7, రాత్రి 3.5 మెగాహెర్ట్జ్.

మనకు ఇంకో తంటా ఉంది. మనం భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. సూర్యాస్తమయం తర్వాత ఈ పొర పైకి లేచి లోపల బుడగలు బుడగలుగా చెదురుతుంది. ఆ సమయంలో మాట తేలుతూ మునుగుతూ వస్తుంది. యూరప్ వాళ్లు రాసిన పట్టికలు తెచ్చి ఇక్కడ అంటిస్తే సరిపోవు. సూర్యుడి మీద పెద్ద మంట లేస్తే పగటివైపు హెచ్ఎఫ్ కాసేపు పూర్తిగా చచ్చిపోతుంది, అది వేరే కథ.

---

కొండకింద_కుర్రోడు, రాత్రి 11:15

అక్కా, మరి పైకి పోయి కిందికి వచ్చేది ఢిల్లీలో పడితే? నాకు కావాల్సింది చిత్తూరు.

---

చిత్తూరు_హామ్, మరుసటి ఉదయం 6:30

మంచి ప్రశ్న. కొత్తగా హామ్ (లైసెన్స్ తీసుకుని సరదాకు రేడియో నడిపే అమెచ్యూర్) అయినవాళ్లు చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. 14 మెగాహెర్ట్జ్‌లో ఎత్తైన యాంటెనా పెట్టి కూర్చుంటే ఢిల్లీ వాడు పక్కింట్లో ఉన్నట్టు వినపడతాడు, చిత్తూరు వాడు అసలు వినపడడు. మధ్యలో తరంగం నేలకు దిగని ఖాళీ జాగా ఉంటుంది.

దానికి విరుగుడు చాలా సులువు. తరంగాన్ని నిట్టనిలువుగా పైకి కొట్టాలి, గొట్టం పైపుతో నీళ్లు నెత్తి మీదికి చిమ్ముకున్నట్టు. చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కిందికి పడుతుంది. కొండలు అడ్డం రావు, ఎందుకంటే మాట కొండల మీదుగా పోవడం లేదు, ఆకాశం నుంచి దిగుతోంది. తిరుపతి నుంచి విజయవాడ గీత గీస్తే సుమారు 345 కిలోమీటర్లు. అంటే చిత్తూరు, మదనపల్లె, నెల్లూరు, తాడేపల్లి అన్నీ ఒకే గొడుగు కింద.

ఇక యాంటెనా అంటారా? 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల రాగి తీగ, మధ్యలో తెంపి రెండు వైపులా పదేసి మీటర్లు. రెండు కొబ్బరిచెట్ల మధ్య బట్టలారేసే తీగలాగా మూడు నాలుగు మీటర్ల ఎత్తులో కట్టు. ఎత్తు తక్కువగా ఉండటమే ఇక్కడ మేలు. తుపాను గాలికి టవర్ కూలొచ్చు, ఈ తీగ తెగితే పది నిమిషాల్లో మళ్లీ కట్టుకోవచ్చు. 100 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, వినేటప్పుడు ఒకటో రెండో. మీ చిన్నాన్న జీపు బ్యాటరీ చాలు, ఎక్కువ వినండి, తక్కువ మాట్లాడండి.

ఇంకో తమాషా. ఊళ్లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, సోలార్ పెట్టెలు అన్నీ హెచ్ఎఫ్‌లో గరగరమంటాయి. కరెంటు పోయిందంటే ఆ రొద అంతా ఆగిపోయి రేడియో స్వచ్ఛంగా వినపడుతుంది. మన అవసరం వచ్చేదీ అప్పుడే.

లైసెన్స్ మాత్రం కావాలి. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా అమెచ్యూర్ పరీక్ష రాయొచ్చు, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ అయితే వీయూ3, జనరల్ అయితే వీయూ2తో పిలుపుపేరు (కాల్ సైన్) మొదలవుతుంది. రాజీవ్ గాంధీ కూడా హామే, వీయూ2ఆర్‌జీ.

---

తాళంచెవి (పుత్తూరు, ఉండేది బెంగళూరు), ఉదయం 8:12

పై మాటలన్నీ బాగున్నాయి, కానీ అడిగినవాడు ఇంకో ప్రశ్న కూడా అడిగాడు, ఎవరూ వినకూడదని. దాన్ని అందరూ దాటేశారు. హామ్ రేడియోలో అర్థం దాచే కోడ్ వాడకూడదు. అంతర్జాతీయ నియమమే అట్లా ఉంది. అంటే మీ వరద కబురు సెట్ ఉన్న ప్రతివాడూ వింటాడు.

ఆన్‌లైన్ ఆయన అమ్మే ఎన్‌క్రిప్షన్ సంగతి కూడా చెప్తా. ఆ సెట్ల మీద ప్రైవసీ కోడ్ అని 38 అంకెలు రాసి ఉంటాయి. అది తాళం కాదు. ఆ స్వరం జోడించని వాళ్ల మాట నీ స్పీకర్‌లో రాకుండా ఆపుతుంది, అంతే. నీ మాట మాత్రం ఊరంతా వింటుంది. స్క్రాంబ్లర్ అని ఇంకోటి ఉంటుంది, గొంతులో హెచ్చు స్వరాన్ని తగ్గు, తగ్గును హెచ్చు చేస్తుంది. దాన్ని విప్పడానికి ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లాడు చాలు.

ఖరీదైన సెట్లైతే భద్రమా అంటే అదీ నమ్మలేం. టెట్రా అని చాలా దేశాల్లో పోలీసులు, అంబులెన్సులు వాడే వ్యవస్థ ఉంది. దాని లోపలి గుట్టు ఇరవై ఏళ్లకు పైగా బయటికి చెప్పలేదు. 2023 జులైలో నెదర్లాండ్స్‌లోని మిడ్‌నైట్ బ్లూ వాళ్లు విప్పి చూస్తే, టీఈఏ1 అనే రకంలో 80 బిట్ల కీని లోలోపల 32 బిట్లకు కుదించి పెట్టి ఉంది. మామూలు ల్యాప్‌టాప్‌తో పగిలిపోతుంది. పెద్ద గేటుకు పెద్ద తాళం వేసి, తాళంచెవి మాత్రం అగ్గిపెట్టెకు సరిపోయేది తయారు చేసినట్టు. గుట్టుగా ఉంచిన సూత్రం కంటే అందరూ పరీక్షించిన ఏఈఎస్ అనే బహిరంగ తాళం సూత్రం లాంటిదే మేలు, కీ మాత్రం మన దగ్గర దాచుకోవాలి.

---

పాత_సెట్, ఉదయం 10:50

టీవీ ఆగింది. ఇప్పుడు చెప్తా.

నేను ముప్పై ఏళ్లకు పైగా వైర్‌లెస్‌లో పనిచేశా. తాళంచెవి బాబు చెప్పినదాంట్లో ఆఖరి ముక్క అసలు విషయం. కీ దాచుకోవాలి. ఎవరు దాచాలి? ఇరవై సెట్లుంటే ఇరవైటిలోనూ అదే కీ ఉంటుంది. వరదలో ఒక సెట్ కొట్టుకుపోయింది అనుకో, దొరికినవాడు మన మాటలన్నీ వింటాడు. అప్పుడు మిగతా పందొమ్మిదిటికీ కొత్త కీ వేయాలి. వానలో, చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో ఆ పని ఎవరు చేస్తారు?

ఇంకోటి. మామూలు హెచ్ఎఫ్ మాట ఎంత నీరసంగా వచ్చినా అలవాటైన చెవికి నాలుగు మాటలు అందుతాయి. తాళం వేసిన డిజిటల్ మాట అట్లా కాదు, వస్తే వస్తుంది, సిగ్నల్ కాస్త తగ్గితే గుర్రుగుర్రు కూడా రాదు. సూర్యాస్తమయం తర్వాత బుడగలు అని అమ్మాయి చెప్పింది కదా, ఆ వేళకు తాళం వేసిన సెట్ మూగబోయి, తెరిచిన సెట్ మాట్లాడటం నేను చూశా.

అయితే తాళం అక్కర్లేదా అంటే, అక్కరే. యుద్ధ సమయం వేరు. డ్రిల్ రోజు అందరూ గుర్తు చేసుకున్నది అదే కదా. అప్పుడు ఎవరు ఎక్కడున్నారో చెప్పడమే ప్రమాదం, సెట్ నొక్కడమే ప్రమాదం, దిక్కు పట్టే యంత్రాలు ఉంటాయి. అది ప్రభుత్వ సెట్ల పని, శిక్షణ ఉన్నవాళ్ల పని. మీ వీధి జట్టు పని కాదు.

---

రాయలచెరువు_కోడలు, మధ్యాహ్నం 2:15

నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతుంటా. ఇవాళ రాయాలనిపించింది.

మా అత్తగారి ఊరు రాయలచెరువు కింద. 2021 నవంబరులో ఊళ్లు మునిగిన రెండు మూడు రోజులకు చెరువు కట్టకు నీళ్లు ఊరుతున్నాయని మైకులో చెప్పి ఊళ్లు ఖాళీ చేయించారు. రాయల కాలం నాటి కట్ట అంటారు. మా అత్తమ్మ ఆవును వదిలి రానంది. ఆవును, దూడను తోలుకుని మా ఆయన ముందు పోయాడు, మేము రేషన్ కార్డులు, బట్టలు ఒక చీరలో మూట కట్టుకుని తిరుపతిలో మా పిన్నమ్మ ఇంటికి పోయినాం.

రాత్రి పదకొండుకు ఎవరో వీడియో పంపినారు. నీళ్లు ఎగిసి పడుతున్నాయి, కట్ట కొట్టుకుపోతున్నాది. కింద "రాయలచెరువు తెగింది" అని రాసుండాది. మా అత్తమ్మ ఆ రాత్రంతా వాకిట్లో కొళాయి పక్కన కూర్చుంది, నీళ్లు తాగమన్నా తాగలేదు. మా ఆయన ఫోన్ కలవదు. తెల్లారాక తెలిసింది, అది రాజంపేట పక్క అన్నమయ్య ప్రాజెక్టు వీడియో. అది 19న నిజంగానే తెగింది. మా కట్ట తెగలేదు, గండి పడకుండా ఆపగలిగారు.

మీరు ఎవరూ వినకూడదు అంటున్నారు. మాకు ఆ రాత్రి అందరూ వినాల్సిన మాట ఒక్కటే కావాల్సింది, అది చెప్పేది ఎవరో తెలియాల్సింది.

---

తాళంచెవి, మధ్యాహ్నం 2:40

అక్కా, నేను పొద్దున రాసినదంతా ఒకసారి మళ్లీ చదువుకున్నా. మీకు కావాల్సింది దాచడం కాదు, గుర్తింపు. ఈ మాట ఫలానా వాళ్లు చెప్పారు, ఇప్పుడే చెప్పారు, మధ్యలో ఎవరూ మార్చలేదు అని తేలడం. మా పనిలో ఆ రెండూ వేరు వేరు, నేనే కలిపేశా.

దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కాగితం చాలు. ఒక కాగితం మీద వరుసగా పాతిక జతలు రాయండి. ఎడమ పక్క ఒక గుర్తు, కుడి పక్క ఒక మాట. కమలం-3 పక్కన పందిరి, కమలం-4 పక్కన రోకలి, ఇట్లా ఒకదానికొకటి సంబంధం లేకుండా. రెండు కాపీలు, ఒకటి చిత్తూరులో, ఒకటి మీ జట్టు దగ్గర. "కట్ట దగ్గర నుంచి మాట్లాడుతున్నా" అని ఎవరైనా అంటే, వినేవాళ్లు "కమలం-3?" అని అడగాలి. అవతలివాళ్లు "పందిరి" అంటేనే రాసుకోవాలి. ఇద్దరూ ఆ జతను కొట్టేయాలి, మళ్లీ వాడకూడదు. ఒకసారి వాడింది విన్నవాడికి రెండోసారి పనికిరాదు.

ప్రతి కబురుకూ నంబరు, గంట తప్పనిసరి. లేకపోతే నిన్నటి మాటను రికార్డు చేసి ఇవాళ వినిపించినా మనకు తెలియదు. ఇప్పుడు ఏఐతో గొంతు కూడా దించేస్తున్నారు కాబట్టి "ఆయన గొంతు నాకు తెలుసు" అనేది చెల్లదు.

---

చిత్తూరు_హామ్, మధ్యాహ్నం 3:05

దీనికి హామ్ నియమం అడ్డం రాదనే నా లెక్క. కబురు తేటతెల్లంగా ఉంది, అర్థం ఏదీ దాచడం లేదు, మాట్లాడేవాడు ఎవడో నిరూపించుకుంటున్నాడు. అయినా నీ కాగితం మొదటిసారి వాడే ముందు మా సీనియర్లను అడుగుతా.

---

చిల్లర_ప్రశ్న, మధ్యాహ్నం 3:20

మరి దాచాల్సినవి అసలు లేవా? ఏ ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉన్నారు, ఎవరికి ఏ జబ్బు, బియ్యం మూటలు ఏ స్కూల్లో పెట్టారు, ఇవన్నీ బహిరంగంగా రేడియోలో చదివితే? 2021లో ఖాళీ చేసిన ఇళ్లకు దొంగలు రారని ఎవరైనా హామీ ఇచ్చారా?

---

చిత్తూరు_హామ్, మధ్యాహ్నం 3:32

ఈయన చిల్లర ప్రశ్నలు అడుగుతాడని పేరు పెట్టుకున్నాడు గానీ ఇది పెద్దనోటే. అట్లాంటివి హామ్ మీద చెప్పకూడదు. "మీ 12వ నంబరు కాగితంలో మూడో వరుస ఇంటికి డాక్టర్ కావాలి" అని అనడానికి కూడా వీల్లేదు, అది అర్థం దాచడమే అవుతుంది. పేరు, జబ్బు లేకుండా "ఒక పడవ, ఒక డాక్టర్, ఫలానా గుడి దగ్గరికి" అంటే చాలు. మిగతాది పోలీసు సెట్‌లో పోవాలి, లేదా మనిషి చేతిలో చీటీగా పోవాలి.

---

తాళంచెవి, మధ్యాహ్నం 3:50

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. చీటీ పట్టుకుని వరదలో మనిషి పోవాలంటే ఇక రేడియో ఎందుకు? ప్రభుత్వమే సివిల్ డిఫెన్స్ వాలంటీర్లకు తాళం వేసిన హెచ్ఎఫ్ ఛానెల్ ఒకటి ఇవ్వాలి. 1968 సివిల్ డిఫెన్స్ చట్టాన్ని 2009లో సవరించి విపత్తులను కూడా అందులోకి తెచ్చారు. పని అప్పగించారు, పనిముట్టు కూడా ఇవ్వాలిగా.

---

పాత_సెట్, సాయంత్రం 5:30

ఇవ్వాలనే నేనూ అంటా, ఇచ్చేదాకా ఏం చేస్తామనేదే. మీ ఇద్దరి వాదన తెగేది కాదు గానీ, కోడలమ్మ రాసింది చదివాక నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. కుర్రోడా, ఇది నువ్వు కాగితం మీద రాసి సెట్ పక్కన అంటించుకో.

చాలా ఏళ్ల కింద ఒక వానాకాలం. ఒక పల్లె బస్సు, వంక పొంగింది. అవతల గట్టు మీదున్న మా కానిస్టేబుల్ సెట్‌లో "బస్సు వంక దాటలేదు" అన్నాడు. కంట్రోల్‌లో మాకు వినపడింది "బస్సు వంక దాట..." అంతే. వాడు చలికి వణుకుతూ మాట పూర్తి కాకముందే బటన్ వదిలేశాడు. రాసుకునేవాడు "దాటింది" అని రాశాడు. రెండు గంటలు ఎవరూ బస్సు కోసం వెతకలేదు. అదృష్టం, జనం అంతా బస్సులోనే క్షేమంగా ఉన్నారు, ఆకలితో తిట్టుకుంటూ.

అప్పుడు అర్థమైంది నాకు. మన తెలుగులో కాదు అనేది మాట చివర వస్తుంది. తెగింది, తెగలేదు. వచ్చింది, రాలేదు. బతికాడు, బతకలేదు. రేడియోలో ఊడిపోయేది ఎప్పుడూ మొదలు, చివర. బటన్ ఆలస్యంగా నొక్కితే మొదలు పోతుంది, తొందరగా వదిలితే చివర పోతుంది. చివర పోయిందంటే తెలుగులో మాట తలకిందులవుతుంది. ఇంగ్లీషు ఫార్ములాలు నేర్పే శిక్షణలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అందుకే నేను ఉన్నంతకాలం నా సెట్ మీద "లేదు" అనే మాట రానీయలేదు. బస్సు వంక దాటలేదు అని కాదు, "బస్సు ఇవతల ఆగింది. ఆగింది." కట్ట తెగలేదు కాదు, "కట్ట భద్రం. భద్రం." తెగితే "గండి. గండి పడింది." మొదలు ఊడినా చివర ఊడినా అర్థం మారదు. బటన్ నొక్కాక ఒక్క ఊపిరి ఆగి మాట్లాడు, మాట అయ్యాక ఒక్క ఊపిరి ఆగి వదులు. విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. చదవకపోతే ఆ కబురు చేరనట్టే లెక్క.

సినిమాల్లో "ఓవర్ అండ్ అవుట్" అంటారే, అది కూడా మానుకో. ఓవర్ అంటే నువ్వు మాట్లాడు అని, అవుట్ అంటే నేను వెళ్లిపోతున్నా అని. రెండూ కలిపి అంటే పెళ్లికి పిలిచి ఇంటికి తాళం వేసుకున్నట్టు.

---

రాయలచెరువు_కోడలు, సాయంత్రం 6:02

"కట్ట భద్రం." ఆ రాత్రి ఈ రెండు మాటలు వచ్చుంటే మా అత్తమ్మ నిద్రపోయుండేది.

---

గాదంకి_గాలి, సాయంత్రం 6:40

సార్, ఇది ఎంత బాగుందంటే నేను ఇంట్లో అందరికీ చదివి వినిపించా. మా అమ్మ వెంటనే "అందుకే మీ నాన్న ఫోన్‌లో వస్తున్నా అన్నాడో, రావట్లా అన్నాడో ఎప్పుడూ తెలియదు" అంది.

ఒక చేర్పు. 2004 డిసెంబరు 26 సునామీ అప్పుడు అండమాన్‌లో మొదట బయటికి కబురు పంపిన వాళ్లలో భారతీ ప్రసాద్ గారి హామ్ బృందం ఉంది. ఆవిడ ఆ నెలలోనే రేడియో యాత్ర కోసం పోర్ట్ బ్లెయిర్ పోయి ఉన్నారు. తెరిచిన రేడియోలోనే, అందరికీ వినపడేటట్టే క్షేమ సమాచారాలు పోయాయి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు ఆవిడ. విశాఖలో 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ అప్పుడు కూడా సెల్ టవర్లు పడిపోయాక హామ్ సెట్లు వాడారు.

---

కొండకింద_కుర్రోడు, మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:20

అందరికీ ఒక కబురు చెప్పాలి. ఆ ఆరు సెట్లు కొనలేదు. పోగైన డబ్బులో కొంత పరీక్ష పుస్తకాలకు, మిగతాది రాగి తీగకు పోయింది. మా జట్టులో నలుగురం రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు చదువుతున్నాం, అందులో ఒకమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, మా అందరికంటే ముందుంది.

ఇవాళ పొద్దున చిత్తూరు_హామ్ అన్న సెట్ తీసుకుని మా ఇంటికొచ్చాడు. మామిడిచెట్టుకు, నీళ్ల ట్యాంకు గోడకు మధ్య తీగ కట్టాం. మూడున్నర మీటర్లు. మా నాన్నమ్మ అది చూసి "బట్టలు ఆరేసుకోవచ్చా" అంది. నేను మాట్లాడకూడదు, లైసెన్స్ లేదు, వినడం, రాసుకోవడం నా పని. ఏడుకు పిలిస్తే చిత్తూరులో ఉన్న ఆయన స్నేహితుడు గోడ అవతల ఉన్నట్టు వినపడ్డాడు. తర్వాత విజయవాడ పక్క నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఒకరు. తొమ్మిది దాటాక పక్కింటి సోలార్ పెట్టె మేలుకుంది, గరగర మొదలైంది. తీగను ఇంటికి అవతలి పక్కకు మార్చాలి.

పరీక్ష కబురు పంపాం. 1వ నంబరు, 7 గంటల 40 నిమిషాలు, "కట్ట భద్రం. భద్రం." అవతల నుంచి "కమలం-3?" అని అడిగారు. కాగితం ఏదని వెతుకుతుంటే అది మా నాన్నమ్మ చేతిలో ఉంది, తమలపాకులు చుట్టడానికి తీసుకుందంట. సున్నం అంటుకుంది గానీ "పందిరి" కనపడింది.

---

పాత_సెట్, రాత్రి 8:45

కాగితానికి ప్లాస్టిక్ కవర్ వేయించు. రెండో కాపీ నాన్నమ్మకు తెలియని చోట పెట్టు.

---

చిత్తూరు_హామ్, రాత్రి 8:52

వచ్చే ఆదివారం రాత్రి పూట 3.5 మీద చూద్దాం. తీగ దాదాపు రెట్టింపు కావాలి, ఇరవై ఇరవై మీటర్లు. నైలాన్ తాడు తెచ్చిపెట్టు, ఇవాళ కట్టినది అప్పుడే వదులైంది.